చెవి మేస్త్రీకి వినపడని మిస్సింగ్

మా వీధి చివరి షెడ్డులో పాత కార్లు బాగుచేసే మెకానిక్‌ను అందరూ చెవి మేస్త్రీ అంటారు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజిన్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, ఆయన కళ్లు మూసుకుంటాడు. ఆ ఘడియలో పక్కవాడు తుమ్మినా అపచారమే. తర్వాత కళ్లు తెరిచి రోగం పేరు చెబుతాడు. ఆ తీర్పు మీద ఎవరూ అప్పీలుకు వెళ్లలేదు.

అంతటి చెవికి గండం మేస్త్రీ అక్క మొగుడి రూపంలో వచ్చింది. ఆ బావ దర్జీ. ఆయనకు గుండ్రటి దీపాల పాతకాలం కారొకటుంది, ముద్దుపేరు బుజ్జి.

"ఏమోయ్, బుజ్జి మళ్లీ మిస్సింగ్ కొడుతోంది. కుంటి గుర్రంలా ఎగిరెగిరి పడుతోంది" అన్నాడు బావ.

మేస్త్రీ స్క్రూడ్రైవర్ ఆనించాడు. ఇంజిన్ తుమ్మెదలా ఝుమ్మంటోంది.

"ఏదీ బావా? బాగానే ఉందిగా."

"అదిగో! సన్నగా... మళ్లీ! వినపడ్డంలా?"

టీ తెచ్చిన మేస్త్రీ భార్యను సాక్షిగా పిలిచాడు బావ. "ఏమ్మా, నీకు?"

ఆవిడ తల పక్కకు వంచి, "ఏదో అంటోందన్నయ్యా" అంది.

మేస్త్రీ స్క్రూడ్రైవర్ పిడిని రెండో చెవికి మార్చాడు. ఇంజిన్ చప్పుడు వినపడనినాడు షట్టరు దించేస్తానని పదిమందిలో ప్రతిజ్ఞ చేసినవాడాయన. పూర్తి ఆరోగ్యంలో చేసే ప్రతిజ్ఞలన్నీ అలాగే ఘనంగా ఉంటాయి.

ప్లగ్గులు మార్చాడు. పాయింట్లు గీకాడు. కార్బొరేటర్ విప్పి, కడిగి, మళ్లీ బిగించాడు. బావ నవ్వుతూ వెళ్లేవాడు, మర్నాడు మొహం వేలాడేసుకుని వచ్చేవాడు. మేస్త్రీకి ఏది నిజమో అంతుపట్టలేదు. ఇంట్లో ఫ్యాను కూడా మిస్సింగ్ కొడుతున్నట్టే తోచింది. కుళాయి కింద బకెట్ పెట్టి, నీటి చుక్కలు ఒకే తాళంలో పడుతున్నాయో లేదో వింటూ కూర్చున్నాడు.

"చెవి డాక్టరు దగ్గరికి వెళ్దామండీ" అంది భార్య.

"ఏమిటీ?" అన్నాడాయన. నిజానికి వినపడింది. మాట మింగుడుపడక అడిగాడు.

చివరికి ఒక ఉదయం, షట్టరు సగమే ఎత్తి, బావ ఇంటికి నడిచాడు. గుమ్మంలో అక్క ఎదురైంది.

"ఉండరా, మీ బావ బుజ్జికి స్నానం చేయిస్తున్నారు."

పెరట్లో బానెట్ ఎత్తి ఉంది. పక్కన బకెట్, మగ్గు. బావ నీళ్లోడే గుడ్డతో, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూతను చంటిపిల్లాడి మాడు రుద్దినంత సుతారంగా రుద్దుతున్నాడు.

"బావా! ఏమిటిది?"

"ఇదేం ప్రశ్నరా? ఇంజిన్‌ని చంటిపిల్లాడిలా చూసుకోమని చెప్పింది నువ్వే కదా!"

చెప్పాడు. ప్రతివాడికీ చెబుతాడు. ఆచరించినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాడు.

"స్టార్ట్ చెయ్."

టుక్‌టుక్... టుక్... టుక్‌టుక్‌టుక్... ఫట్! స్క్రూడ్రైవర్ అక్కర్లేకుండానే వినపడింది. మేస్త్రీ మొహం వెలిగిపోయింది.

"మిస్సింగే! అబ్బ, ఏం మిస్సింగ్ బావా! ఆపకు, ఇంకాసేపు విననీ!"

బావ అయోమయంగా భార్య వైపు చూశాడు. "మీ తమ్ముడికేమైందే?"

మూత లోపలికి నీళ్లు దిగితే ఇంజిన్ కుంటుతుందని, షెడ్డుకొచ్చేలోగా ఇంజిన్ వేడికే ఆరిపోతుందని మేస్త్రీ వివరించాడు. మూత విప్పి పొడిగుడ్డతో తుడిచి బిగించాడు. బుజ్జి ఝుమ్మంది.

"మరి షెడ్డులో సన్నగా వినపడేదిగా?"

"చెవి డాక్టరుకు చూపించాల్సింది నిన్ను."

ఇంటికొచ్చి భార్యను నిలదీశాడు. "ఆ రోజు నీకేం వినపడిందే?"

"నాకేం వినపడలేదు. అన్నయ్యగారు అంత ముచ్చటపడి అడుగుతుంటే లేదని ఎలా అంటానండీ?"

మేస్త్రీ షెడ్డుకెళ్లి షట్టరు పూర్తిగా ఎత్తాడు.

మర్నాడు బావ మళ్లీ వచ్చాడు. బండి కుంటడం లేదు. ఆయనే చాలా గంభీరంగా ఉన్నాడు.

"తడి తగలకూడదన్నావు, సరే. మరి తుడిచాక కాస్త పౌడరు అద్దొచ్చా?"

మేస్త్రీ కొత్తగా చేరిన కారు బానెట్‌లోకి తల దూర్చి, స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించాడు.

"వినపడ్డంలేదు బావా!" అన్నాడు హాయిగా.