గడప బయట అవ్వ కట్టె

మా చిన్నప్పుడు... అవ్వ ఏ ఆఫీసుకు పోయినా, గడప బయట నిలబడి ఆమె చేతికట్టె పట్టుకోవడం నా డ్యూటీ. అవ్వ అంటే మా నాయనమ్మ, బాపు వాళ్లమ్మ.

మాది మర్రిగూడ పక్కన చిన్న పల్లె. బోరింగు నీళ్లు తాగీ తాగీ అవ్వ నడుము వంగిపోయింది... నా పళ్లు పచ్చబడ్డాయి. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని, మంచివి కావని అందరికీ తెలుసు. వేరే నీళ్లుంటే కదా!

కొత్త రాష్ట్రం వచ్చిన కొత్తల్లో సంగతి. ఆధార్ కార్డులో వయసు తక్కువ పడి అవ్వకు ముసలివాళ్ల పింఛను రాలేదు. ఇక మిగిలింది వికలాంగుల పింఛను ఒక్కటే, దానికి డాక్టరు సర్టిఫికెట్ కావాలి. బాపు కూలికి పోయాడు కాబట్టి దవాఖానకు తోడు నేనే... అప్పుడు అయిదో తరగతి.

అవ్వ తలస్నానం చేసి, పెట్టె అడుగున దాచిన చీర కట్టింది. పెళ్లికి పోతున్నట్టే! డాక్టరు గది ముందు చెప్పులు విడిచి, కట్టె నా చేతిలో పెట్టింది. ఊరి పటేలు ఇంట్లో ఏళ్ల తరబడి జీతం చేసిన మనిషి... పెద్దవాళ్ల ముందుకు చెప్పులతో, కట్టెతో పోకూడదని నేర్చుకుంది. అది భయం అంటే ఒప్పుకునేది కాదు, మర్యాద అనేది.

తలుపు సందులోంచి చూశాను. గోడ పట్టుకుని, పళ్లు బిగించి, ఎన్నడూ లేనంత నిటారుగా నిలబడింది.

"నడవొస్తదా అవ్వా?" అన్నాడు డాక్టరు.

"నడుస్త సారూ... మీ దయ. ఏం ఫికరు లేదు."

నడవగలదని రాసేయడానికి ఆయన పెన్ను తీశాడు. నాకు ఒళ్లు మండింది... కట్టెతో సహా లోపలికి ఉరికాను.

"అబద్ధం సార్! గీ కట్టె లేకుంటే మా అవ్వ వాకిలి గూడ దాటదు!"

కట్టె చేతికి అందగానే అవ్వ నడుము ఎప్పటిలాగే వంగిపోయింది. డాక్టరు లేచి కుర్చీ జరిపాడు. పరీక్షలన్నీ చేసి సర్టిఫికెట్ రాశాడు.

బస్సులో అవ్వ నా మొహం చూస్తే ఒట్టు. ఊరు దగ్గర పడ్డాక మొదలుపెట్టింది. "నలుగుర్ల నా ఇజ్జత్ తీసినవ్ కదనే! గంత నోరున్నదానివి, చదువుకొని నువ్వే కూసోపో గా కుర్సీల!" తిట్టీ తిట్టీ... కొంగుముడి విప్పి ఇన్ని పుట్నాలు నా చేతిలో పోసింది.

ఇప్పుడు నేను వేరే ఊళ్లో పంచాయతీ కార్యదర్శిని. మా ఊరికి నల్లా నీళ్లొచ్చాయి. పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి, చూస్తే కడుపు నిండుతుంది. అవ్వ మాత్రం లేదు.

నా ఆఫీసుకొచ్చే ముసలివాళ్లు ఇప్పటికీ గడప బయటే కట్టె వదిలేస్తారు. నేనే లేచి వెళ్లి తెచ్చిస్తాను. నిన్న ఒక తాతకు కట్టె ఇస్తుంటే మెల్లగా నా చెవిలో అన్నాడు... "వద్దు బిడ్డా, లోపల మేడం ఉంటదట, కోపం జేస్తది."

ఆ మేడం నేనే. అవ్వ గుర్తొచ్చింది... కట్టె తాత చేతిలోనే పెట్టి లోపలికి తీసుకుపోయాను.

మీ అవ్వలు, తాతలు గడప బయట ఏం వదిలి లోపలికి పోయేవాళ్లు? గుర్తుంటే రాయండి...