మంచమెత్తు, పీటెత్తు, నేల

ఇవాళ సాయంత్రం పక్కింటివాళ్ళు గేటుకు రంగు వేయించారు. థిన్నర్ వాసన మా వంటింటి కిటికీలోంచి నేరుగా లోపలికి వచ్చింది. అలాంటప్పుడు నేనేం చేస్తానో మా ఇంట్లో అందరికీ తెలుసు. కిటికీలన్నీ మూసేశాను. పాపను లోపలి గదిలోకి తీసుకెళ్ళాను. ఆ వాసన పిల్లల ఊపిరితిత్తులను ఏం చేస్తుందో ఫోన్లో వెతికి, కనిపించిందల్లా నమ్మాను. పాప తుమ్మగానే మా ఆయనకు ఫోన్ చేశాను. ఆయన అంతా విని, "గేటుకు ఏం రంగేస్తున్నరు?" అని అడిగాడు. ఇప్పుడు పాప పడుకుంది. మళ్ళీ తుమ్మలేదు. వంటింటి కిటికీ మాత్రం కొంచెం తెరిచి పెట్టుకుని కూర్చున్నాను. నిజం చెప్పాలంటే ఆ వాసన నాకిష్టం. అది సరోజ టీచర్ వాళ్ళ హాలు వాసన.

ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో ఉంటున్నాం కానీ, పెళ్ళయిన కొత్తలో మా కాపురం గద్వాలలో. మేము అద్దెకుండే ఇంటి కింది భాగంలో ఇంటి యజమానురాలు సరోజ టీచర్, ఆమె అక్క తిమ్మక్క ఉండేవాళ్ళు. టీచర్ వనపర్తిలో జూనియర్ కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరై సొంతూరికి వచ్చింది. పెళ్ళి చేసుకోలేదు. తిమ్మక్క భర్త పోయాక చెల్లెలి దగ్గరే ఉండిపోయింది. నేను ఆమెను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. మేము దిగిన వారానికో ఏమో, నీళ్ళ మోటార్ వేయమని అడగడానికి కిందికి వెళ్ళాను. హాల్లో భోజనాల బల్ల మీద నా కంటే పొడవైన తెల్లటి వస్తువు ఒకటి పడుకుని ఉంది. గాలంతా థిన్నర్, లప్పం వాసన. నేను గడప దగ్గరే ఆగిపోయాను.

"ఏందమ్మా, తలుపుల్నే నిలబడ్డవ్? జర ఈ కొస పట్టుకో," అంది టీచర్.

"ఏంది టీచర్ ఇది?"

"రెక్క."

"దేనికి?"

"ఇమానానికి. కోడికైతే గింత పెద్దదుంటదా?"

లోపలి నుంచి తిమ్మక్క గొంతు వినిపించింది. "అడుగకు బిడ్డా. అడిగినోళ్ళందరికీ పని చెప్తది. పాలాయన గిట్లనే ఒకనాడు అడిగిండు. ఇప్పుడు పాలు గేటుకు తగిలిచ్చి ఉరుకుతుండు."

నేను అడిగేశాను కాబట్టి ఇక చేసేదేమీ లేకపోయింది. అది రిమోట్‌తో ఎగిరే జెట్ విమానం. మనిషి ఎక్కేది కాదు కానీ బొమ్మ అనడానికి నోరు రాదు. టీచర్ లోపల సన్నటి చెక్కలతో అస్థిపంజరంలా కట్టి, పైన పలుచటి చెక్కలు అతికించి, దాని మీద గాజు నారతో నేసిన గుడ్డను జిగురుతో పరిచింది. కడుపులో కరెంటు మోటార్‌తో తిరిగే ఫ్యాన్ ఉంటుంది. అది ముందు నుంచి గాలి పీల్చి తోక వైపు నుంచి చిమ్ముతుంది. ఇదంతా ఎందుకు మొదలుపెట్టారని అడిగితే ఆమె చెప్పిన కారణం ఇది. "ఉద్యోగం చేసినన్నొద్దులు క్లాసుల బెలూన్ ఊది ఇడిసి, జెట్ గిట్ల పోతది చూడుండ్రి అని చెప్పిన. ఎప్పుడిడిసినా అది బోయి గోడకే తగుల్తుండె. పిల్లలు నవ్వుతుండిరి. ఒక్కసారన్న సక్కగ పోయేది చెయ్యాలె కద."

కానీ ఆమె కుడిచెయ్యి వణికేది. టీ తాగుతుంటే కప్పు కింద సాసర్ సన్నగా మోగేది. అది మెల్లగా పెరిగేదే తప్ప తగ్గేది కాదని కర్నూలు డాక్టరు చెప్పాడట. ఒకరోజు చెంచాతో మందు కలుపుతున్నంత మామూలుగా ఆ సంగతి నాకు చెప్పింది. "వానలు పడే లోపల ఎగరేయాలె. ఆ తర్వాత ఈ చెయ్యి నా మాట ఇనది. వేరేటోళ్ళు ఎగరేస్తే చప్పట్లు కొడ్త, గని అది నాది గాదు." అప్పటి నుంచి మధ్యాహ్నం వంట కాగానే నేను కిందికి దిగిపోయేదాన్ని. అతుకుల మీద పూసిన లప్పం ఆరాక సాండ్ పేపర్‌ను నీళ్ళలో తడిపి రుద్దడం నా పని. కళ్ళు మూసుకుని వేలుతో తడిమితే అతుకు దొరకకూడదు. దొరికితే మళ్ళీ లప్పం, మళ్ళీ రుద్దుడు.

రుద్దుతూ భయాలన్నీ అడిగేదాన్ని. ఈ బ్యాటరీ పేలితే? ఈ జిగురు కంట్లో పడితే? ఫ్యాన్‌లో వేలు పడితే? విమానం బోయి కరెంటు తీగల మీద పడితే? టీచర్ ఒక్కదానికీ విసుక్కోలేదు. "నీ అంత భయపడేటామె గద్వాలల దొరకదు. గందుకే నిన్ను పెట్టుకున్న. ధైర్యం ఉన్నోళ్ళకు లప్పం రుద్దుడు రాదు. సాలుతియ్ అని లేస్తరు," అంది. చిన్నప్పటి నుంచి నా పిరికితనాన్ని అందరూ వదిలించుకోమన్నవాళ్ళే. దాన్ని అర్హతగా చూసి పనిలో పెట్టుకున్నది ఆమె ఒక్కతే.

రంగు దగ్గర అక్కచెల్లెళ్ళకు పెద్ద గొడవైంది. టీచర్ బూడిదరంగు అంది. యుద్ధ విమానాలన్నీ ఆ రంగే కదా అని ఆమె వాదన. తిమ్మక్క అన్నం తినడం మానేసింది.

"ఇంట్ల ఆడిపిల్ల లెక్క పెంచినవ్. బూడిద పూసి పంపుతవా?"

"అక్కా, అది జెట్."

"ఏదైతే ఏంది? అంచు లేనిది గద్వాలల ఏముంటదే?"

చివరికి ఒళ్ళంతా బూడిదరంగు, రెక్కలకూ తోకకూ పసుపు అంచు. అంచు గీసేటప్పుడు టేపు అతికించింది నేను. గీత వంకర పోకుండా పక్కన నిలబడి ఊపిరి బిగబట్టింది తిమ్మక్క. అంతటితో ఆమె ఊరుకోలేదు. లారీలకు రాసినట్టు ముక్కు పక్కన ఊరి అమ్మవారి పేరు మీద 'జమ్ములమ్మ కృప' అని రాయించింది. అందుకు టీచర్ ఒక్క షరతు పెట్టింది. అక్షరాలు చిన్నగా ఉండాలి. తిమ్మక్క ఒప్పుకుంది. తీరా చూస్తే ఆ అక్షరాలు వీధి చివరికి కనిపించేవి.

ధరూర్ వైపు పోయే దారిలో ప్లాట్లు వేసి వదిలేసిన వెంచర్ ఒకటి ఉంది. మంచి సిమెంటు రోడ్డు, చుట్టూ తెల్ల రాళ్ళు, ఒక్క ఇల్లూ లేదు. పోలీస్ స్టేషన్‌లో చెప్పి, విమానాన్ని ట్రాలీ ఆటోలో పరుపు మీద పడుకోబెట్టి అక్కడికి తీసుకెళ్ళాం. మా వీధి సగం వెనకాల వచ్చింది. తిమ్మక్క పూజ పళ్ళెంతో దిగింది. కొత్త బండికి పూజ చేయకుండా తీస్తే ఆమె దారికి అడ్డం పడుకునే మనిషి. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. మామూలుగా అయితే బండి వాటిని తొక్కుకుంటూ పోవాలి. ఈ చక్రాలేమో నిమ్మకాయలంతే ఉన్నాయి. విమానం వాటి ముందు ఆగి, ఎంత తోసినా కదలలేదు. నిమ్మకాయలను పక్కకు తీసి, చెప్పుతో తొక్కి, తొక్కినట్టే అనుకున్నాం.

టీచర్ బ్యాటరీ వైర్లు కలుపుతోంది. నేను తోక పట్టుకుని కరెంటు తీగలు ఎంత దూరంలో ఉన్నాయో చూస్తున్నాను. ఆ సమయంలో తిమ్మక్క విమానానికి బొట్టు పెట్టి, ముక్కుకు రెండు పక్కలా గాలి పీల్చుకునే రంధ్రాలు కనిపిస్తే, వాటిల్లో భక్తిగా గుప్పెడు గుప్పెడు అక్షింతలు, బంతిపూల రేకులు వేసింది. నోట్లో పెట్టకుంటే ముట్టదని ఆమె నమ్మకం. నేను భయపడ్డవాటిల్లో అక్షింతలు లేవు.

టీచర్ రిమోట్ మీది స్టిక్ ముందుకు తోసింది. ఫ్యాన్ కూత మొదలైంది. మరుక్షణం తోకలోంచి పసుపు బియ్యం, పూలరేకులు వెనకాల నిలబడ్డ జనం మీద వానలా కురిశాయి. అందరూ ఒక్కసారి తలలు వంచారు. ఒక ముసలాయన తలపాగా తీసి మరీ నెత్తిన వేయించుకున్నాడు. "తల్లి దీవించింది," అని తిమ్మక్క కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత లోపల ఏదో టక్కుమని విరిగింది. కూత ఆగిపోయింది.

టీచర్ జుట్టులోంచి ఒక బియ్యపు గింజ తీసి కాసేపు చూసింది. "అక్కా, తృప్తయిందా?"

"అయ్యింది. ఇగ ఎగరెయ్," అంది తిమ్మక్క.

ఫ్యాన్ రెక్కలు విరిగాయి. కొత్తది తెప్పించడానికి చాలా రోజులు పట్టింది. ఆకాశం మబ్బు పడుతూ వచ్చింది. ఈలోగా టీచర్ చేతికి స్క్రూడ్రైవర్ నిలవడం మానేసింది. ఆమె చెప్తుంటే స్క్రూలు నేను బిగించాను. ఏమీ తోచని రోజుల్లో ఆమె రిమోట్ ఒళ్ళో పెట్టుకుని, విమానం లేకుండానే వేళ్ళు కదిపేది. తలుపు దగ్గర నిలబడి నేను చూసేదాన్ని. తిమ్మక్క కూడా చూసేది కాబోలు. కొత్త ఫ్యాన్ వచ్చిన రోజు ఆమె దాని ఖాళీ అట్టపెట్టెను దేవుడి గదిలోకి తీసుకెళ్ళి, దానికే పూజ చేసి, కొబ్బరికాయ కొట్టింది. విమానం దగ్గరికి మాత్రం రాలేదు. పాత చీర అంచుతో గట్టి పట్టీ ఒకటి కుట్టి చెల్లెలికిచ్చింది. టీచర్ మెడలో వేసుకునే చెక్క పళ్ళానికి ఆ పట్టీ. రిమోట్‌ను పళ్ళెంలో పెట్టి మణికట్లు ఆనించుకుంటే వణుకు కొంత తగ్గుతుంది.

రెండోసారి ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే మేం ముగ్గురమే వెళ్ళాం. టీచర్ నన్ను తన భుజం వెనక నిలబెట్టింది. "నా కండ్లు ఇమానం మీదనే ఉంటయి. చుట్టూర ఏముందో నువ్వు చెప్పాలె. ఉన్నది చెప్పు. అయ్యేది చెప్పకు."

విమానం రోడ్డు మీద పరుగెత్తి, నేను నమ్మేలోపే లేచింది. పసుపు అంచు ఎండలో మెరిసింది. తిమ్మక్క తెల్ల రాయి మీద కూర్చుని కళ్ళు మూసుకుంది.

"టీచర్, గొర్రెలొస్తయేమో," అన్నాను.

"ఉన్నయా?"

"లేవు."

"మరి?"

"గాలి ఎక్కువైతదేమో."

"అయిందా?"

"లేదు."

"మాధవీ, నోట్లకెంచి వచ్చే ముందు ఒకపారి కండ్లతోని చూడు," అంది, చూపు తిప్పకుండానే. నేను చూశాను. రోడ్డు ఖాళీగా ఉంది. కుడి పక్క గద్ద ఒకటి దూరంగా తిరుగుతోంది. అదే చెప్పాను. "మంచిగ చెప్పినవ్," అంది.

దింపేటప్పుడే చిక్కు వచ్చింది. విమానం తూర్పు నుంచి దిగుతోంది. సూర్యుడు సరిగ్గా దాని వెనకే ఉన్నాడు. టీచర్ వేళ్ళు పళ్ళెం మీద టపటపా కొట్టుకోవడం నాకు వినిపిస్తోంది. "ఎండ కండ్లల్ల కొడ్తుంది. ఎత్తు తెలుస్తలేదు. నువ్వు చెప్పు."

"మీటర్లల్ల నాకు తెల్వదు టీచర్."

"మీ ఇంట్ల ఉన్నయి చెప్పు."

నా అరచెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకున్నాను. పడిపోతది అన్న మాట పళ్ళ దాకా వచ్చింది. మింగేశాను. "మేడెత్తు," అన్నాను. "తలుపెత్తు. తలుపెత్తే ఉంది. కిటికీ ఎత్తు. మంచమెత్తు. పీటెత్తు."

చక్రాలు సిమెంటును తాకిన చప్పుడు వచ్చింది.

"నేల," అన్నాను.

విమానం కొంత దూరం ఉరికి, పక్కకు తిరిగి వేరుశనగ చేనులోకి పోయి ఆగింది. ఒక చక్రం ఊడింది. అంచు గీరుకుపోయింది. టీచర్ కదల్లేదు. మెడలోంచి పట్టీ తీసుకోవడానికి చేతులు సహకరించకపోతే నేనే తీశాను. ఆమె రెండు చేతులూ చెట్టు కొమ్మల్లా ఊగుతున్నాయి, ఆమె నవ్వుతోంది. "ఇగ నాది," అంది. తిమ్మక్క ఒక కన్ను తెరిచి, "అయిపోయిందా? నేను చూడనేలేదు. ఇంకొకపారి ఎగరెయ్," అంది.

ఇంకోసారి ఎగరలేదు. ఆ వారమే వానలు మొదలయ్యాయి. చక్రం అతికించి, విమానాన్ని వనపర్తిలో టీచర్ పనిచేసిన కాలేజీకి ఇచ్చేశాం. ముక్కు పక్క రాత చెరపకూడదని తిమ్మక్క ప్రిన్సిపాల్ దగ్గర మాట తీసుకుంది. ఇప్పటికీ టీచర్ ఆదివారాలు వీడియో కాల్ చేస్తుంది. ఫోన్ నిలకడగా ఉండదు కాబట్టి ఆమె ముఖం కంటే వాళ్ళ సీలింగ్ నాకు ఎక్కువగా కనిపిస్తుంది. మధ్యలో తిమ్మక్క ముక్కు.

మా పాపకు మూడేళ్ళు. మేముండేది మళ్ళీ మేడ మీదే. చెయ్యి పట్టుకోకుండా మెట్లు దిగుతానని ఈమధ్య రోజూ పేచీ. ఒప్పుకున్నాను. నేను ఒక్క మెట్టు వెనకాల, చేతులు వీపు వెనక కట్టుకుని దిగుతాను. పడ్తవ్ అనే మాట రోజూ పళ్ళ దాకా వస్తుంది. అప్పుడు కళ్ళతో చూస్తాను. "చెయ్యి గోడ మీద ఉంది," అంటాను. "కుడికాలు కింది మెట్టు మీద ఉంది. ఎడమకాలు గాలిలో ఉంది. ఇప్పుడు మెట్టు మీద ఉంది." నా గొంతు మామూలుగానే వస్తుంది. నిన్న పొద్దున పాప కిందికి చేరి వెనక్కి తిరిగింది. చెప్పడంలో పడి దిగడం మరిచిపోయి నేనింకా పైమెట్టు మీదే ఉన్నాను. నన్ను కింది నుంచి పైకి ఒకసారి పరిశీలనగా చూసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని మొదలుపెట్టింది.

"అమ్మ కాలు మెట్టు మీద ఉంది. ఇంకో కాలు కూడా మెట్టు మీదనే ఉంది. దిగు మరి."