కారు పెట్టిన బొట్టు

ఎనభైల్లో, మల్కాపురంలో నేను కొత్త కోడల్ని. దసరా మర్నాడు మరిదికి పిల్లను చూడ్డానికి అత్తగారితో కలిసి కారులో దువ్వాడ బయల్దేరాం. అద్దం నిండా పోర్టు ఎర్రదుమ్ము. కడుగుదామని మీట నొక్కితే నీళ్లు చిమ్మలేదు.

మావారు దిగి చూశారు. డబ్బాలో నీళ్లున్నాయి, గొట్టం ఊడలేదు. తీరా చూస్తే నీళ్లొచ్చే బెజ్జం నిండా అత్తగారు ఆయుధపూజకు మెత్తిన పసుపు!

“దీనికీ ఎట్టేసేవేటమ్మా?” అన్నారు మావారు.

“సిన్నదని వదిలేత్తానేటిరా?” అంటూ అత్తగారు పట్టుచీరలో వంగి చూశారు.

మావారు నా పిన్నీసుతో బెజ్జం పొడిచి, “నొక్కు” అన్నారు. లోపలున్న నేను నొక్కాను. పసుపునీళ్లు సర్రున వెళ్లి అత్తగారి నుదుటికి తగిలాయి. భయమో నవ్వో తెలియక సీటు కిందికి వంగిపోయాను.

“నానెట్టిన బొట్టు నాకే ఎట్టింది. పదండి, సంబంధం కుదిరినట్టే!” అన్నారావిడ.

కుదిరింది. ఆ తర్వాత ప్రతి దసరాకీ ఆవిడ మొదటి బొట్టు ఆ బెజ్జానికే పెట్టేవారు, పిన్నీసు నా చేతికిచ్చి మరీ.