నాలుగు జ్వరాలు దాటించే మస్తాన్‌బీ

వంద పట్టు సీతాకోకచిలుకలు పెట్టిన గుడ్లకు అరవై ఎనిమిది కిలోల పట్టుగూళ్లు! ఆళ్లగడ్డలో మా చెల్లెలు మస్తాన్‌బీ తీసిన మొదటి మంచి పంట అది. అంతకుముందు రెండు పంటల్లో చచ్చిన పురుగులను గుంత తవ్వి పూడ్చింది. అయినా మూడోసారి గుడ్లు తెచ్చింది.

తర్వాత ముప్పై ఏళ్లు ఆమె పంట చెడలేదు. దొర్నిపాడులో, ప్యాపిలిలో నలభై ఒక్కమందికి పురుగుల పెంపకం నేర్పింది. రెండుసార్లు శాలువా కప్పారు. పురుగులకు పొగాకు వాసన పడదని నన్ను గడప బయటే నిలిపేది.

“బీడీ తాగి లోపలికొస్తే కాళ్లిరగ్గొడతా అన్నా!”

బీడీ మానేశాను. అదీ ఆమె సాధించిందే.

మోకాళ్లు మొరాయించి అరవై రెండో ఏట పెంపకం ఆపింది. తన తట్టలనూ, పురుగులు గూళ్లు అల్లే వెదురు చంద్రికలనూ నంద్యాలలో కొత్తగా పెట్టిన పట్టు మ్యూజియానికి ఇచ్చింది. జూన్‌లో ఇద్దరం చూడబోయాము. గోడ మీది బోర్డు నేనే పైకి చదివాను: ‘మస్తాన్‌బీ పురుగులకు ప్రతి పంటలో నాలుగుసార్లు జ్వరం వచ్చేది. ఈ రోగంతోనే ఇక్కడి పట్టు పరిశ్రమ దెబ్బతింది.’

బోర్డు రాసిన అహోబిలం అమ్మాయి దివ్య అక్కడే ఉంది.

“ఏం పాపా, నేను రోగపు పురుగుల్ని మేపినానా?” అంది చెల్లెలు.

“నాలుగు జ్వరాలు దాటితేనే గూడు కడతాదని మీరే కదా పెద్దమ్మా చెప్పినారు?”

పురుగు మేత మాని, తల ఎత్తి, పాత చర్మం విడిచే రోజును మేము జ్వరం అంటాము. అది రోగం కాదు, ఎదుగుదల.

“నీకు పాలపండ్లు ఊడినప్పుడు ఆస్పత్రిలో పండుకోబెట్టినారా?”

దివ్య నాలుక కరుచుకుంది. “బోర్డు మార్చేస్తాలే పెద్దమ్మా.”

“రాత మారిస్తే సాలదు. జనం కండ్లతో చూడాల. గుడ్లు తెప్పియ్యి, ఈడనే మేపి సూపిస్తా.”

“పంట పోతే ఆ బోర్డే నిజమైతాది గదమ్మే!” అన్నాను నేను.

“పోదు. నువ్వు మళ్లీ బీడీ ముట్టించకుంటే సాలు.”

జులై పద్దెనిమిదిన గుడ్లు పగిలాయి. దివ్య వెనక గది ఖాళీ చేయించి, ఫినాయిలు ఆపించింది. చెల్లెలు అక్కడే మకాం పెట్టింది. ఇప్పటికి పురుగులు మూడు జ్వరాలు దాటాయి. బడిపిల్లలు వరసగా నిలబడి చూస్తున్నారు. పాత బోర్డుకు దుప్పటి కప్పి ఉంచారు. కొత్త బోర్డును గూళ్లు తీసినరోజు తన చేతులతోనే బిగించాలని ఆమె పట్టు.

గూళ్లు తీసేది ఆగస్టు పదిహేడున. పని ముగించుకుని మస్తాన్‌బీ ఇంటికి, ఆళ్లగడ్డలో బస్సు దిగేది ఆగస్టు పద్దెనిమిది, మంగళవారం.