బియ్యంలో రాసిన సిసీలియా

పాకాల రైల్వే స్టేషన్ వీధిలో రవికలు కుట్టే సిసీలియాకు టేపు అవసరం లేదని ప్రతీతి. మనిషిని ఒక్కసారి ఎగాదిగా చూసిందంటే కొలతలన్నీ ఆమె కళ్లలో నిలిచిపోతాయి. హిందువుల ఇంట్లో ఈ దొరసాని పేరేమిటని ఎవరైనా అడిగితే, "మా యమ్మకు కాన్పు చేసిన మిషన్ ఆసుపత్రి సిస్టరమ్మ పెట్టింది" అని ఈ యాభై రెండేళ్ల వయసులోనూ గర్వంగానే చెప్పుకొంటుంది.

అందుకే మనవరాలికి "అమ్మమ్మ పేరే పెట్టాల" అని కూతురు ఐశ్వర్య పట్టుబట్టినప్పుడు ఆమె పొంగిపోయింది. నెలలు నిండక పుట్టి, తిరుపతి ఆసుపత్రిలో ఇరవై రోజులు గాజుపెట్టెలో ఉండి వచ్చిన బిడ్డ. ఎవరి పేరు పెడితే వారే బియ్యంలో రాయడం ఆ ఇంటి ఆచారం. నామకరణం నాడు పళ్లెంలో పరిచిన బియ్యం మీద పసుపుకొమ్ముతో ఆమె మొదటి అక్షరం రాసింది.

సెల్‌ఫోనులో పేరుకు అర్థం వెతుకుతున్న అల్లుడు రూపేష్ ముఖం పాలిపోయింది.

"అత్తా, రవంత నిలపండి. ఇది లాటిన్ పేరంట. రోమ్‌లో పాతకాలం వంశానిదంట. మూలానికి అర్థం... గుడ్డి అని ఉండాది."

పసుపుకొమ్ము జారి పళ్లెంలో పడింది.

"అబద్ధం! దేవుడి సేవ చేసే సిస్టరమ్మ పసిబిడ్డకు అట్లాంటి పేరు పెడతాదా?"

గోడకు ఆనుకొన్న సిసీలియా తల్లి మునెమ్మ వక్క నములుతూనే అంది: "ఆయమ్మ సెప్పే పెట్టింది లేమే."

"నీకు తెలుసునా అమా?"

"తెలీకేమి? నీకు ముందర ఇద్దురు పురిట్లోనే పోయినారు. నువ్వన్నా దక్కాలని పెంటమ్మ అని పెడతామంటిమి. ఆయమ్మ ఒప్పుకోలా. 'అయితే మీ బాసలో సెడ్డ పేరొకటి సెప్పు తల్లీ' అని కాళ్లు పట్టుకుంటి. నవ్వి, ఇది సెప్పింది. గుడ్డిదాన్ని యాడ మోసేదని యముడు ఇడిసిపెట్టి పోయినాడు. యాభై రెండేండ్లు! ఇంకేం గావాల నీకు?"

ఇన్నాళ్లూ నగలా చూసుకొన్న పేరు, అమ్మ భయంతో కట్టిన తాయెత్తు! సిసీలియా, "వేరే పేరు చెప్పు ఐశ్వర్యా" అంటూ రాసిన అక్షరాన్ని చెరపబోయింది.

ఆ చేతిని ఆపినవాడు అల్లుడే. ఇరవై రోజులు ఆ గాజుపెట్టె పక్కనుంచి కదలనివాడు.

"చెరపద్దత్తా. అదే రాయండి."

ఆమె పసుపుకొమ్ము మళ్లీ తీసుకుంది. రెండో అక్షరం వంకరపోయి ఆగింది. చదువురాని మునెమ్మ మెడ సాచి పళ్లెంలోకి చూసింది.

"సగంలో ఆపొద్దు. పూర్తిగా రాయిమే."