ఊదా గీత

1938 వేసవిలో నేను వేంపల్లె దాపున ఒక నేతగాళ్ల సహకార సంఘంలో రంగుల తనిఖీ చేసేవాణ్ణి. కర్నూలులో ఆరు నెలలు అద్దకం నేర్చుకున్న చదువు తప్ప నాకు వేరే అర్హత లేదు. సంఘం సీలు వేసిన డబ్బాల్లో రంగు ఇచ్చేది. అద్దకంవాళ్లు దానితో నూలుకు రంగు వేసి తెచ్చేవారు. ఆ డబ్బా రంగును అమ్ముకుని, చౌక రంగు కలిపి సరిపెడతారేమోనని ఒక అనుమానం ఎప్పుడూ ఉండేది. దాన్ని తేల్చడమే నా పని.

పద్ధతి సులువు. వేలెడు వెడల్పున్న బ్లాటింగ్ కాగితం ముక్క అడుగున పెన్సిలుతో గీత గీసి, దాని మీద తొట్టిలోని రంగు ఒక చుక్క పెట్టాలి. ఆరాక, గీత మునగకుండా అంచు మాత్రం స్పిరిట్ కలిపిన నీళ్లకు ఆనేలా గ్లాసులో నిలబెట్టాలి. తడి మెల్లగా పైకి పాకుతూ రంగును వెంట తీసుకుపోతుంది. అన్ని రంగులూ ఒకే వేగంతో నడవవు కాబట్టి, కలిసిన రంగులు విడిపోయి వేరువేరు పట్టీలుగా నిలుస్తాయి. ఇప్పుడు దీన్ని పేపర్ క్రొమటోగ్రఫీ అంటున్నారు. మాకది బ్లాటింగ్ పరీక్షే.

ఆ ఏడు ఎర్ర అంచు చీరల మూట ఒకటి కర్నూలు వ్యాపారి దగ్గరనుంచి తిరిగి వచ్చింది. ఉతికితే రంగు దిగుతోందట. ఆ నూలుకు రంగు వేసింది మౌలాలి. యాభై ఏళ్లవాడు, ముంజేతుల దాకా ఎరుపు ఇంకిపోయిన మనిషి. ఆయన తొట్టిలోని రంగు తెప్పించాను.

ఆ రోజు అప్పటికే ముప్పై ముక్కలు చూసి ఉన్నాను. వడగాలికి కళ్లు మండుతున్నాయి. మామూలు పెన్సిలు ముల్లు విరిగింది. చెక్కే ఓపిక లేక, రసీదులు రాసే కాపీయింగ్ పెన్సిలుతో గీత గీశాను. చెరిపినా పోని రాత కోసం గుమాస్తాలందరమూ వాడే పెన్సిలది. పక్కనే డబ్బాలోని అసలు రంగు చుక్క కూడా పెట్టి పోల్చాలన్నది మాకు నేర్పిన మొదటి పాఠం. అదీ చేయలేదు. చుక్కలోని ఎరుపు రంగు గీత దగ్గరే ఆగింది. దాని పైకి ఊదా పట్టీ ఒకటి ఎక్కింది.

మర్నాడు సంఘం వసారాలో పంచాయతీ. అధ్యక్షుడు కాగితాన్ని అందరికీ చూపించాడు.

"ఏం మౌలాలీ, ఈ ఊదా యాడిది?"

"నాకు తెల్దు సామీ. నేనేమీ కలపలే. బాయి అడుగంటె, నీళ్లు లేవు. మూడు తూర్లు జాడించాల్సిన నూలు ఒక తూరే జాడిస్తి. అది నా తప్పే, ఒప్పుకుంటాండా."

"కాగితం అబద్ధం చెప్తాదా?" అన్నాడొక నేతగాడు.

"దానికేం తెలుసప్పా? ఏది పూస్తే అది చూపిస్తాది" అన్నాడు మౌలాలి.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన నా వైపు తిరిగి, "ఇంగోతూరి చూడప్పా, నీకు పుణ్యముంటాది" అన్నాడు. అక్కర్లేదన్నాను. ఆ మాటతో మౌలాలికి సంఘం నూలు ఆగిపోయింది. దొంగ రంగువాడన్న పేరు పడ్డాక బయటివాళ్లూ పని ఇవ్వలేదు. ఎర్రగుంట్ల వైపు బండల గనిలో చేరాడని విన్నాను.

ఆరు నెలల తర్వాత కొత్త డబ్బా సీలు నేనే విప్పి పరీక్షించాను. ఊదా పట్టీ వచ్చింది. చేతిలో ఉన్నది కాపీయింగ్ పెన్సిలు; తడి తగిలితే దాని రాత ఊదాగా మారుతుంది. ఈసారి ఏ చుక్కా పెట్టకుండా, గీత మాత్రమే గీసి నిలబెట్టాను. తడి గీతను దాటగానే ఊదా రంగు నింపాదిగా పైకి లేచింది.

వెంటనే వెళ్లానని రాయగలిగితే బాగుండేది. రెండు నెలలు నోరు మెదపలేదు. ఉద్యోగం పోతుందన్న భయం కొంత, ఎవరూ అడగడం లేదన్న ధైర్యం కొంత. చివరికి ఎర్రగుంట్ల పోయాను. మౌలాలి బండల నీడన కూర్చుని సద్ది తింటున్నాడు. చేతుల మీద ఎరుపు పోయి సున్నపు దుమ్ము ఉంది.

"మౌలాలి మామా, ఆ ఊదా నా పెన్సిలుది" అన్నాను.

ఆయన ముద్ద మింగి నీళ్లు తాగాడు. "నేను కలపలేదని నాకు ముందే తెలుసు కదప్పా. నాకు చెప్పను ఇంత దూరం ఎందుకొస్తివి? ఆ పొద్దు నవ్వినోళ్లకు చెప్పు పో."

అదే వసారాలో, అందరి ముందూ ఖాళీ కాగితం మీద గీత గీసి చూపించాను. అధ్యక్షుడు మౌలాలికి కబురు పంపాడు. ఆయన వచ్చాక మళ్లీ గీత గీసి నిలబెట్టాను. గ్లాసులో కాగితాన్ని వంగి చూశాడు. "ఇంత గీతకా నేను ఎనిమిది నెలలు బండలు మోసింది!" అని నవ్వాడు. ఈసారి ఇంకెవరూ నవ్వలేదు.

నూలు మళ్లీ ఇస్తామన్నారు. ఆయన వెంట ఇంటికి వెళ్లాను. వాడక లేక మట్టి తొట్లు ఎండకు నిలువునా నెర్రెలిచ్చాయి. ఒకదాని అంచు తట్టి చూసి, "ఇవి ఇంగ నీళ్లు పట్టవప్పా" అని, ఆ సాయంత్రం బండికే గనికి వెళ్లిపోయాడు.

నా ఉద్యోగం పోలేదు. ఆ తర్వాత పనిచేసినన్నాళ్లూ, రోజూ మొదటి కాగితం మీద నా గీత ఒక్కటే గీసి నీళ్లలో నిలబెట్టేవాణ్ణి. అది తెల్లగా మిగిలిందని చూసుకున్నాకే ఇంకొకరి చుక్క పెట్టేవాణ్ణి.