క్విన్స్ పొద మీద కత్తెర

షామ్‌బర్గ్‌లో మా టౌన్‌హౌస్ మెట్ల పక్కన ఫ్లవరింగ్ క్విన్స్ పొద నాటింది నేనే. ఆస్పత్రి ల్యాబ్‌లో ఉద్యోగం మానేసిన ఏడాది అది. ఏటా ఏప్రిల్‌లో, మేమింకా చలికోట్లు లోపల పెట్టకముందే, ఆకైనా సరిగా రాని ముళ్లకొమ్మల నిండా ఎర్రగా పూసేది.

ఒక నవంబర్‌లో ఇళ్ల అసోసియేషన్ పంపిన తోటపనివాళ్లు మెషీన్‌తో దాన్ని బంతిలా గొరిగేశారు. క్విన్స్ పాత కొమ్మల మీదే పూస్తుంది. కట్టిన మొగ్గలన్నీ కొసలతో పాటే పోయాయి. ఆ తర్వాతి వసంతంలో పువ్వన్నది లేదు. పైగా అసోసియేషన్ నుంచి ఉత్తరం వచ్చింది. పొద ముళ్లది, చూడ్డానికి బాగాలేదు, తీసేయమని.

మావారు చదివి, "పోనీలే, ఒక మొక్క కోసం వాళ్లతో పేచీ ఎందుకు? హైడ్రేంజియా లాంటి పూలమొక్క ఏదైనా పెట్టుకో" అన్నారు.

"ముప్పై ఏళ్లుగా ఈ దేశంలో అన్నిటికీ అడ్జస్ట్ అయ్యాను. దీనికి అవను" అన్నాను.

అసోసియేషన్ మీటింగ్‌కి ఒక్కదాన్నే వెళ్లాను. ముళ్ల మొక్కలు పెంచకూడదని రూల్స్‌లో ఎక్కడుందో చూపించమన్నాను. జవాబు వచ్చేదాకా కూర్చోలేదు. పేజీలన్నీ తిరగేశారు. నడిచే దారి మీదికి కొమ్మలు రాకూడదని తప్ప ఇంకేమీ లేదు. అయితే పొదను ఎవరు చూసుకుంటారని అధ్యక్షుడు అడిగాడు. నేనే చూసుకుంటాను, మీవాళ్లు కత్తెర పెట్టకూడదు, ఆ మాట రాసివ్వండి అన్నాను. రాసిచ్చారు.

మే నెలలో ముసలి కొమ్మల్లో మూడోవంతు మొదలుకంటా కోశాను. కొసల జోలికి పోలేదు. తోలు గ్లవ్స్ లోంచి కూడా ముల్లు దిగి బొటనవేలు వాచింది. దారివైపు పాకిన పిలకల్ని పారతో తెంచాను. మావారు వచ్చి కోసిన కొమ్మల్ని కట్టలు కట్టారు. తోటపనివాళ్లు వచ్చే రోజు మెట్ల మీద కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. వాళ్లు నన్ను చూసి, మెషీన్ ఆపి, పక్కింటికి వెళ్లిపోయేవారు.

మరుసటి ఏప్రిల్‌లో పొద విరగబూసింది. సెప్టెంబర్‌కి రాళ్లలాంటి పసుపుపచ్చ కాయలు కాసింది. మహా పులుపు. మామిడికాయకి బదులు పప్పులో వేస్తే మావారు రెండోసారి వడ్డించుకున్నారు.

ఈ ఏడు గ్యారేజీ పక్కన ఇంకో క్విన్స్ నాటాను. ఎవరినీ అడగలేదు.